వదిన కట్టిన వరుస

రంగుల కొట్లో పనిచేసే మా వదిన దగ్గరికొచ్చి ఎవరైనా గోడలకి తెల్ల రంగు కావాలంటే వెంటనే డబ్బా తియ్యదు. "ఏ తెలుపండీ?" అంటుంది. వాళ్ళు తెల్లమొహం వేస్తే, కిటికీలు ఎటున్నాయి, ఎండ పొద్దున పడుతుందా సాయంత్రమా, ఇంట్లో పిల్లలున్నారా అని సంబంధం చూడ్డానికి వచ్చినట్టు ఆరా తీస్తుంది. తర్వాత మిషన్లో రంగు కలిపి, చిటికెన వేలితో కాస్త తీసి అట్టముక్క మీద పూసి, అది ఆరేదాకా అలాగే నిలబడుతుంది. తడిగా ఉన్నప్పుడు ప్రతి రంగూ అందంగానే ఉంటుందట.

ఒకసారి కొత్తగా ఇల్లు కొన్నాయన పడగ్గదికి ముదురు ఎరుపు అడిగాడు. "ఆర్నెల్లు తిరక్కుండా మీరే తిట్టుకుంటారండీ, ఆ గదిలో నిద్ర పట్టదు" అంది. కొట్టు యజమాని తల పట్టుకున్నాడు. "అమ్మడానికి కూర్చోబెడితే వద్దని చెప్పి పంపిస్తోంది" అని మా అన్నయ్యతో మొరపెట్టుకున్నాడు కూడా. ఆ ఎరుపాయన మాత్రం తర్వాత ఇల్లంతా ఆవిడ చెప్పిన రంగులే వేయించుకున్నాడు.

ఆ ముక్కుసూటితనమే ఆవిడని పాటల మీద రాసేలా చేసింది. ఒక వారపత్రిక ఎడిటరుగారు ఆఫీసు తలుపులకి రంగు కొనడానికొచ్చారు. కొట్లో ఏదో పాట వస్తోంది. "ఎంత బాగా పాడాడు కదండీ" అన్నారాయన. వదిన మూత బిగిస్తూ, "మొదటి చరణం దాకా బాగానే పాడాడు. ఆ తర్వాత తన గొంతు తనే వింటూ మురిసిపోతున్నాడు, పాట సంగతి మర్చిపోయాడు" అంది. ఎడిటరుగారు రంగు సంగతి వదిలేసి అక్కడే నిలబడిపోయారు. "ఇప్పుడన్నది అన్నట్టే రాసివ్వగలరా?" అనడిగారు. అలా మొదలైంది. అప్పట్నుంచి పదేళ్ళపాటు వారానికో కొత్త ఆల్బమ్ విని, ఎలా ఉందో రాస్తూ వచ్చింది.

నేను వాళ్ళతోనే ఉంటాను. ఆడపడుచునై ఉండి వదినని పొగుడుతున్నానంటే అర్థం చేసుకోండి, ఆవిడ ఎలాంటి మనిషో. ఏ ఆల్బమ్ అయినా మొదటిసారి ఊరికే కూర్చుని వింటుంది. చేతిలో పని ఉండదు, ఫోను ఉండదు, మాటా పలుకూ ఉండదు. రెండోసారి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ వింటుంది. తరిగే కత్తి దానంతటది ఆగిందంటే ఆ పాటలో ఏదో ఉన్నట్టు. కత్తి అస్సలు ఆగని వారం మాకు కూర త్వరగా అయ్యేది, ఆ వారం పత్రికలో ఎవరికో తలంటు పడేది. "ఈ వారం ఉల్లిపాయలు మరీ సన్నగా ఉన్నాయి, పాపం ఎవరో అయిపోయారు" అనేవాడు అన్నయ్య కంచం ముందు కూర్చుని.

పదేళ్ళు నిండాక ఎడిటరుగారు ఫోన్ చేశారు. ఈ పదేళ్ళలో వచ్చిన ఆల్బమ్‌లలో మేలైనవి పది ఎంచి, ఒకటి నుంచి పది దాకా వరుస పెట్టి, ఏది ఎందుకు ఎక్కడుందో రాయమన్నారు. రెండు పేజీలు ఇస్తామన్నారు. వదిన సంతోషంగా సరేనంది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆవిడ మొహం కాస్త మారింది.

"ఏమైంది?" అన్నాను.

"చిన్నోడు" అంది.

చిన్నోడంటే వదిన తమ్ముడు. నలభై దాటినా వాళ్ళింట్లో ఇంకా చిన్నోడే. వాషింగ్ మెషీన్లు బాగుచేస్తాడు. పాటలు కడతాడు, గిటార్ వాయిస్తాడు. ఆ పదేళ్ళలో ఇద్దరు స్నేహితులతో కలిసి ఒకే ఒక్క ఆల్బమ్ చేశాడు. పేరు 'తిరుగు బస్సు'. అది వచ్చినప్పుడు వదిన, "నా తమ్ముడిది నేను రాయను" అని పక్కకి తప్పుకుంది. పత్రికలో ఇంకెవరో రాశారు, అదీ చప్పచప్పగా. అక్క ఒక్క మాట రాయలేదని చిన్నోడు ఎప్పుడూ నిష్ఠూరమాడలేదు. ఎలా ఉందని అడగనూ లేదు. ఆ అడక్కపోవడం ఇద్దరి మధ్యా గడప మీద కూర్చున్న మనిషిలా ఉండేది. లోపలికి రాదు, బయటికి పోదు.

వదిన పాతవన్నీ మళ్ళీ వినడం మొదలుపెట్టింది. భోజనాల బల్ల మీద డిస్కులు పరిచి, పైకీ కిందకీ జరుపుతూ ఉండేది. అన్నయ్య కంచం చేత్తో పట్టుకుని నిలబడి తినేవాడు. మొదటి స్థానం గురించి ఆవిడకి ఎక్కువ తర్జనభర్జన లేదు. గొంతుకి ఆపరేషనై, పై స్థాయి పలకడం పూర్తిగా పోయిన ఒక గాయని చేసిన 'తడి చెప్పులు' అది. మామూలు మాటకి కాస్త పైన, అంతే, ఆ ఎత్తులోనే పాటలన్నీ పాడింది. "పోయిన గొంతు గురించి ఆవిడ ఏడవలేదు. ఉన్న గొంతుతో ఎంత దూరం పోవచ్చో చూసింది. వింటుంటే మనమే ఆవిడ దగ్గరికి కుర్చీ జరుపుకుంటాం" అని రాసింది వదిన. ఊరంతా నెత్తిన పెట్టుకున్న ఒక పెద్ద గాయకుడి ఆల్బమ్‌ని ఏడో చోట పెట్టింది. "ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. అదే నా ఇబ్బంది" అని దాని కింద రాసింది.

తొమ్మిది తేలాయి. పదో చోటు దగ్గర బండి ఆగింది. 'తిరుగు బస్సు' ఒక పక్క, ఒక ముసలి పియానో మాస్టారు చేసిన 'మూడో అంతస్తు' ఇంకో పక్క. వారం రోజులు ఆ రెండే వింది. నాకు రెండూ కంఠతా వచ్చేశాయి.

ఒక సాయంత్రం కొట్టు నుంచి రాగానే నన్నడిగింది. "నువ్వు చెప్పు. ఏది పెట్టను?"

"చిన్నోడిదే" అన్నాను.

"ఎందుకు?"

"ఎందుకేముంది, మనవాడు కదా."

వదిన నవ్వింది. "నిజం చెప్పావు. ఎడిటరుగారేమో, తమ్ముడిది పెట్టకపోతేనే మంచిదండీ, గొడవుండదు అంటున్నారు. మనవాడని పైకెత్తితే తప్పని అందరికీ తెలుసు. మనవాడని కిందకి నొక్కితే అదీ తప్పే. కాకపోతే దానికి జనం భేష్ అంటారు. ఆ భేష్ కోసం నొక్కుతున్నానేమోనని నా భయం."

ఈలోగా సంగతి వదిన వాళ్ళమ్మకి, అంటే నేను అత్తయ్యగారని పిలిచే ఆవిడకి, తెలిసింది. అత్తయ్యగారు చేతిసంచీతో సహా దిగిపోయారు. చెప్పులు విప్పుతూనే అందుకున్నారు.

"పది చోట్లున్నాయట. అందులో ఒక్కటి నీ తోడబుట్టినవాడికి లేదా?"

"ఇంకా తేల్చుకోలేదమ్మా."

"తేల్చుకునేదేముంది? ఎవరో పియానో ఆయనకి ఇస్తావా? ఆయన నీకేమవుతాడు? అయినవాళ్ళకి ఆకుల్లో, కానివాళ్ళకి కంచాల్లో అంటే ఇదే."

"వడ్డించడం కాదమ్మా ఇది. విని చెప్పడం."

"చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తే నువ్వే ఎత్తుకు తిరిగావు. అది వినపడలేదా ఆ పాటల్లో?"

వదిన అమ్మకి మంచినీళ్ళిచ్చి, పక్కన కూర్చుని కాళ్ళు నొక్కింది. మర్నాడు ఉదయం నాతో, "పత్రికలో చూసి తెలుసుకోవడం వాడికి మర్యాద కాదు. ముందు నేనే చెప్తాను" అంది. చిన్నోడిని ఆదివారం భోజనానికి పిలిచింది.

చిన్నోడు వచ్చాడు. వస్తూనే మా మెషీన్ చప్పుడు విని, దాని వెనక్కి దూరి ఏదో బిగించాడు. భోజనానికి కూర్చున్నాక, వదిన నీళ్ళు నమలకుండా చెప్పింది.

"నీది పదకొండోది, చిన్నోడా."

అత్తయ్యగారు గరిటె గిన్నెలో వదిలేశారు. చిన్నోడు ముద్ద కలిపాడు.

"పదోది ఏది?"

"మూడో అంతస్తు."

"అది నేను వినలేదు." ముద్ద కంచంలోనే వదిలేసి, "నాది ఎక్కడ తగ్గింది?" అన్నాడు.

ఆల్బమ్ వచ్చిన ఇన్నేళ్ళలో అతను ఆ మాట అడగడం అదే మొదలు.

"ఆరో పాట దాకా నీకు ఎదురులేదు. ఆ ఆరో పాటలో, బస్సు దిగి ఇంటి దారి మర్చిపోయిన మనిషి దగ్గర, నా కత్తి చాలాసేపు ఆగింది. ఆ పాట ఒక్కటే తీసుకుంటే నిన్ను మొదటి మూడింట్లో పెడతాను. ఏడో పాటలో నువ్వు భయపడ్డావు. అది మెల్లగా నడవాల్సిన పాట. డ్రమ్ములు తెచ్చి మీద పడేశావు. వినేవాళ్ళకి ఎక్కడ విసుగొస్తుందో అని చేసినట్టుంది. అక్కడ నువ్వు లేవు. అక్కణ్ణుంచి చివరి దాకా తిరిగి రాలేదు."

చిన్నోడు భోజనం పూర్తిగా చేశాడు, చెయ్యి కడుక్కున్నాడు, వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. వెళ్తూ మూడో అంతస్తు డిస్కు అడిగి పట్టుకెళ్ళాడు. అత్తయ్యగారు ఆ రోజంతా కూతురితో మాట్లాడలేదు. ఏదైనా కావాల్సొస్తే, "మీ వదినని ఉప్పు డబ్బా ఎక్కడుందో అడుగు" అని పక్కనే ఉన్న నాతో అనేవారు.

ఆ వారం వదిన సరిగా తినలేదు. చెప్పిన మాట వెనక్కి తీసుకోవాలని ఆవిడకి అనిపించలేదు, ఆ మాట నాతో అంది. తమ్ముడు మళ్ళీ గిటార్ ముట్టుకోడేమోనని మాత్రం లోపల్లోపల నలిగిపోయింది. ఫోన్ మోగినప్పుడల్లా తడి చేతులు తుడుచుకోకుండానే తీసేది.

ఫోన్ రాలేదు. చిన్నోడే వచ్చాడు, రంగుల కొట్టుకి, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని. వదినకి మధ్యాహ్నం తిండి ఇవ్వడానికి వెళ్ళిన నేను అక్కడే ఉన్నాను.

"అక్కా, నీ లెక్క తప్పు" అన్నాడు.

వదిన చేతిలో రంగు డబ్బా కౌంటరు మీద పెట్టింది. "చెప్పు."

"మూడో అంతస్తు విన్నాను. నాలుగుసార్లు విన్నాను. ఆ ముసలాయన ఒక్క చోట కూడా భయపడలేదు. నువ్వన్నది నిజమే. కాకపోతే నాది పదకొండు కాదు. పన్నెండు."

"అదేంటి?"

"'వంతెన కింద' ఏమైంది?"

'వంతెన కింద' ఇద్దరు అక్కచెల్లెళ్ళు చేసిన ఆల్బమ్. పదేళ్ళ కిందట, వదిన రాయడం మొదలుపెట్టిన కొత్తలో వచ్చింది. డిస్కు ఎవరికో ఇచ్చింది, వాళ్ళు తిరిగివ్వలేదు. బల్ల మీద లేనిది బుర్రలోంచీ జారిపోయింది.

"నువ్వు రాసింది చదివే కదా నేను కొన్నాను" అన్నాడు చిన్నోడు, సంచీలోంచి ఆ డిస్కు తీసి ఇస్తూ. "మేం పాటలు కట్టేటప్పుడు రోజూ అదే వినేవాళ్ళం. దాన్ని వదిలేసి వరుస కడితే ఎలా?"

"అది పెడితే నువ్వింకా కిందకి పోతావురా."

"పోనీ. ఏడో పాట సంగతి మా ముగ్గురికీ రికార్డు చేసిన రోజే తెలుసు. చెప్పేవాళ్ళు లేక, అది బాగుందనుకుని బతికేశాం. విన్నవాళ్ళందరూ బాగుంది బాగుంది అంటే ఏం చేస్తాం? నువ్వూ ఏమీ అనకపోతే, నీకూ నచ్చిందేమో అనుకున్నాను. నచ్చలేదేమో అని కూడా అనుకున్నాను."

"నచ్చింది" అంది వదిన. "ముందే చెప్పాల్సింది. రాయకూడదనుకున్నాను సరే, చెప్పకూడదని ఎవరన్నారు?"

యజమాని వచ్చి, "అమ్మా, ఆ పచ్చ రంగాయన ఇందాకట్నుంచి నిలబడ్డాడు" అనేదాకా ఇద్దరూ కౌంటరుకి అటొకరు ఇటొకరు అలాగే ఉన్నారు.

ఆ శనివారం వదిన 'వంతెన కింద' వింది, మొదట ఊరికే కూర్చుని, తర్వాత వంటింట్లో. ఆ పూట కూర సాయంత్రానికి గానీ కాలేదు. ఆల్బమ్ నాలుగో చోటికెక్కింది. కిందవన్నీ ఒక్కో మెట్టు దిగాయి. మూడో అంతస్తు పదకొండుకి పోయి పది నుంచి జారిపోయింది. "పాపం ముసలాయన" అన్నాడు అన్నయ్య, ఎట్టకేలకు బల్ల దగ్గర కూర్చుంటూ.

పత్రికలో వచ్చిన రెండు పేజీల చివర వదిన ఇలా రాసింది: "పదిలో చోటు దొరక్క నాకు బాధ కలిగించినవి రెండు. పదకొండోది మూడో అంతస్తు. పన్నెండోది తిరుగు బస్సు. అది నా తమ్ముడిది. నాలుగోదాన్ని నేను మర్చిపోతే గుర్తుచేసి, తన ఆల్బమ్‌ని ఒక మెట్టు కిందకి దింపుకున్నదీ అతనే. అతని ఆరో పాట వినండి." ఎడిటరుగారు ఆ చివరి ముక్క తీసేద్దామా అని అడిగారట. తీసేస్తే మిగతా రెండు పేజీలూ తీసేయండి అందట.

గొడవలు రాకపోలేదు. ఏడో చోటు గాయకుడి అభిమాని ఒకాయన కొట్టుకొచ్చి కౌంటరు మీద పత్రిక పరిచాడు. వదిన అతనితో అరగంట మాట్లాడింది. అతను ఒప్పుకోలేదు, వదినా ఒప్పుకోలేదు. వెళ్తూ వెళ్తూ 'తడి చెప్పులు' ఎక్కడ దొరుకుతుందని అడిగి వెళ్ళాడు. అత్తయ్యగారు చివరి మూడు వాక్యాలు మాత్రం కత్తిరించి పక్కింటివాళ్ళకి చూపించారు. "మా వాడి గురించి పేపర్లో పడింది" అన్నారే గానీ ఎన్నోదో చెప్పలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి లైబ్రరీ హాల్లో చిన్నోడూ స్నేహితులూ పాడారు. తిరుగు బస్సు మొత్తం, వరుసగా. ఏడో పాట వచ్చేసరికి డ్రమ్ములాయన కర్రలు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. గిటార్ ఒక్కటే, మెల్లగా, నడిచినట్టు. నా పక్కన వదిన కళ్ళు మూసుకుంది. ఆవిడకి అటు పక్క కూర్చున్న అత్తయ్యగారు, తను గుసగుస అనుకున్న గొంతుతో, "ఇప్పుడెన్నోదే?" అన్నారు. ముందు వరుసలోవాళ్ళు వెనక్కి తిరిగారు.

"పాట అవనీ అమ్మా" అంది వదిన.

బయటికొచ్చాక చిన్నోడు గిటార్ పెట్టె మోసుకుంటూ మాకు ఎదురొచ్చాడు. ఎలా ఉందని ఈసారి తనే అడిగాడు. ఏడోది ఇప్పుడు పాటయిందని, కాకపోతే మొదలు కాస్త సాగిందని వదిన అంది. సాగలేదన్నాడు చిన్నోడు. సాగిందంది. నేను అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని మెల్లగా వెనక నడుస్తున్నాను. బస్‌స్టాప్ దాకా ముందు వాళ్ళిద్దరి వాదనా వినబడుతూనే ఉంది.