చామంతులకు ఎండ, నాకు నీడ

ఆ రోజు డాబా మీద చామంతి పిలకలు విడదీసి కుండీల్లో నాటుతుంటే వేళ్లు ముడుచుకోలేదు. చిన్న పార రెండుసార్లు చేతిలోంచి జారింది. సాయంత్రానికి బుగ్గలు ఎర్రగా కంది, ఒకటే మంట.

గౌలిపురలో మాది పాల వ్యాపారం చేసే ఇల్లు. ఏ మచ్చకైనా మాకు మందు మీగడే. "మంగు అది. మీగడ రాస్కొని జర ఎండల కూసో, పోతది" అంది మా అత్తమ్మ. నెల రోజులు బుద్ధిగా అదే చేశాను. ఎరుపు ముక్కు మీదికి పాకి రెండు బుగ్గలనూ కలిపేసింది. పొద్దున లేస్తే చెంబు ఎత్తలేకపోయేదాన్ని.

హాస్పిటల్‌లో ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. ఇంకో రెండు టెస్టులు చేశాక డాక్టరమ్మ చెప్పారు: "లూపస్ అమ్మా. మన రోగనిరోధక శక్తే మన ఒంటి మీద దాడి చేసే జబ్బు. ఎండ తగిలితే ఫ్లేర్ అవుతుంది, అంటే ఒక్కసారిగా ముదురుతుంది."

"డాబా మీద పూలమొక్కలున్నయి మేడం, ఎట్ల?"

"మొక్కల్ని ఎండలో ఉండనివ్వండి. మీరుండకండి."

నేను వింటేనా? కుండీలన్నీ మెట్ల కిందికి దింపించాను. నెలలో కాడలు సన్నగా సాగి వాలిపోయాయి. ఎండ లేనిదే చామంతి మొగ్గ పట్టదు. మళ్లీ పైకి మోయించి, పని మా ఆయనకు అప్పగించి, కింద కాలు కాలిన పిల్లిలా తిరిగాను.

"కొమ్మల చివర్లు గిల్లుతున్నరా?" అని మెట్ల దగ్గర నిలబడి అరిచేదాన్ని. చివర్లు గిల్లితేనే మొక్క గుబురై ఎక్కువ పూస్తుంది.

"గిల్లుతున్ననే, ఊకో."

దసరా ముందు నొప్పులు తగ్గాయి. నయమైందనుకుని, డాక్టరమ్మ రోజూ వేసుకోమన్న హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర ఎవరికీ చెప్పకుండా మానేశాను. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక పైకి వెళ్తే, ఆయన మొగ్గలున్న కొమ్మలు కూడా గిల్లుతున్నాడు. గిల్లడం వానాకాలంతోనే ఆపాలి.

"మొగ్గలు ఎవరన్న గిల్లుతరా?"

"నువ్వే చెప్తివి గద."

ఆయన్ని కిందికి పంపి, మూడు గంటలు ఎండలో పుల్లలు పాతి కొమ్మలు కట్టాను. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

వారం తిరక్కుండా కాళ్లు వాచాయి. యూరిన్‌లో ప్రోటీన్ పోతోంది, లూపస్ కిడ్నీలకు పాకిందేమోనన్నారు. కిడ్నీ బయాప్సీ, ఆ తర్వాత స్టెరాయిడ్లు. "టాబ్లెట్స్ ఎప్పుడు ఆపారు?" అని డాక్టరమ్మ అడిగితే మా ఆయన నా వైపు చూశాడు. నిజం చెప్పాను. ఆయన తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ప్రోటీన్ అదుపులో ఉంది. ఎండ దిగాకే డాబా ఎక్కుతాను. పగలంతా స్థిమితం ఉండదు, పైకి వెళ్లలేనన్న కోపమూ పోలేదు. నిరుడు ఆయన పూయించిన పూలు చిన్నవి, కొన్ని వంకర. "గిట్లనే పూసినయి" అంటూ నా ఒళ్లో పోశాడు. ఏడ్చేశాను.

సాటి రోగులకు నేను చెప్పేది ఒక్కటే. మాత్ర మానాలనే బుద్ధి ఒంట్లో బాగున్న రోజే పుడుతుంది. ఆ బాగు మాత్ర ఇచ్చిందే. డాక్టర్ ఆపమనేదాకా వేసుకోండి.