బావ ఉప్పునీళ్ల తొట్టి

పోయిన ఆదివారం సూరత్‌లోని లింబాయత్‌లో అక్క ఇల్లు ఖాళీ చేయించడానికి వెళ్లాను. బార్డోలీలో ఉంటున్న మేనకోడలు తన దగ్గరికి వచ్చెయ్యమని రెండేళ్లుగా పోరుతోంది. మోకాళ్లు మొరాయించి, మూడో అంతస్తు మెట్లు ఇక ఎక్కలేనని తేలాక అక్క ఒప్పుకుంది. నేను స్టూలెక్కి అటక మీది సామాను దించుతుంటే, ఏది ఉండాలో ఏది పోవాలో కింద నిలబడి తీర్పులు చెబుతోంది. కాలు విరిగిన పీట ఉండాలట, సొట్ట కూడా లేని స్టీలు డబ్బా పోవాలట. అన్నిటికన్నా వెనక, పాత చీరలో చుట్టిన గాజుతొట్టి చేతికి తగిలింది. చీర విప్పితే లోపలి గోడ మీద, అంచుకు నాలుగు వేళ్ల కింద, తెల్లటి ఉప్పు గీత అలాగే ఉంది. తీర్పు కోసం కిందికి చూశాను. అక్క ముఖం పక్కకు తిప్పుకుంది.

ఆ తొట్టి బావది. నేను సూరత్ వచ్చింది బావ వెనకే. నాకప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు. ఆయన ఖటోదరాలో ఒక కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే మేస్త్రీ. ముప్పై ఏళ్ల చప్పుడుకు చెవులు సగం పోయాయి కాబట్టి, పానా ఒక కొన నడుస్తున్న సాంచాకు ఆనించి, రెండో కొన పళ్ల మధ్య పెట్టుకుని, కళ్లు మూసుకుని అదురును బట్టి దాని రోగం పట్టేవాడు. కొత్తగా వచ్చిన వాళ్లు ఆయన ఇనుము కొరుకుతున్నాడనుకుని నవ్వేవాళ్లు. పోగు అతకడం దగ్గర్నుంచి నాకు వచ్చిన పనంతా ఆయన నేర్పిందే. మాట తక్కువ మనిషి. నేను తప్పు చేస్తే తిట్టడు, నా పక్కన కూర్చుని అదే పని మళ్లీ తన చేతులతో చేసి చూపించి లేచిపోతాడు. ఆ చేతులంటే నాకు తగని మురిపెం.

ఒక రోజు మధ్యాహ్నం ఒక సాంచా ఆగిపోయింది. బావ చెప్పగా ఒడిశా నుంచి వచ్చిన పనివాడొకడు ఇరుక్కున్న, పోగును అటూ ఇటూ మోసే నాడె తీయడానికి లోపల చెయ్యి పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఎవరో స్విచ్ వేశారు. అతని కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. బాగుచేసే ముందు ఫ్యూజు పీకి జేబులో వేసుకోవడం బావకు జన్మలో తప్పని అలవాటు. ఆ రోజు తప్పింది. స్విచ్ ఎవరు వేశారో ఎంత అడిగినా ఒక్కడూ నోరు తెరవలేదు. ఇంటికొచ్చి నేను ఎగిరెగిరి పడ్డాను. "గా స్విచ్ ఏసినోడు మనిషేనా బావా? ఒక్క మాట చెప్తే వాని సొమ్మేం పోతది?" అన్నాను. బావ తన అరచేతులు చూసుకుంటూ, "ఫ్యూజు నా జేబుల లేకపాయె గదరా," అన్నాడు. మర్నాటి నుంచి పనికి వెళ్లలేదు. ఇంట్లో ఫ్యాను ఆగినా ముట్టుకోలేదు. గోడ వైపు తిరిగి కూర్చునేవాడు.

నిద్ర పట్టడం లేదని అక్క ఆయన్ను ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ వరండాలో ఉప్పునీళ్ల తొట్టి ఒకటి ఉందట. అందులో శంఖులో కాపురం ఉండే పీత ఒకటి, ఉన్న శంఖు ఇరుకై, పక్కనున్న పెద్ద శంఖును కాళ్లతో కొలిచి, చటుక్కున అందులోకి మారిపోయిందట. డాక్టరు లోపలికి పిలిచినా బావ కదల్లేదు. మూడు నెలల్లో ఆయన కళ్లెత్తి చూసింది ఆ పీతనొక్కదాన్నేనని అక్క ఏడుస్తూ చెప్పింది. మేనకోడలు ఊరుకుంటుందా? ఫోనులో అవీ ఇవీ చూసి, మరుసటి వారమే గాజుతొట్టితో దిగింది. "బాపూ, చేపలొద్దు. వాటికి చాకిరెక్కువ. పీతలు, నత్తలు, ఒక రొయ్య చాలు. చిన్న తొట్టి, నువ్వొక్కనివే చూసుకోవచ్చు," అంది.

ఆ తొట్టి పెట్టడం మా ఇంట్లో ఒక పెళ్లంత తతంగం. డుమాస్ సముద్రపొడ్డుకు వెళ్లి డబ్బాలతో నీళ్లు తెద్దామని నేనన్నాను. అవి బురదనీళ్లు, పనికిరావు, ఉప్పు ప్యాకెట్లు కొనుక్కుని నీళ్లు కలుపుకోవాలని మేనకోడలు చెప్పింది. "సముద్రం పక్కన పెట్టుకొని ఉప్పునీళ్లు కొనుడేందే?" అని అక్క నోరు నొక్కుకుంది. అడుగున ఇసుక పరిచి, సందుసందునా కంటికి కనబడని జీవం ఉంటుందనే ఒక బొరియల రాయి దించి, నీళ్లు తిరగడానికి చిన్న మోటారు పెట్టి, ఇక నెలన్నర ఊరికే కూర్చోవాలట. నీళ్లు పక్వానికి రావాలట. పీతల తొట్టి వచ్చిందని విని చుట్టుపక్కల వాళ్లు వచ్చి, రాయిని చూసి, చాయ్ తాగి వెళ్లిపోయేవాళ్లు. బావ మాత్రం రోజూ ఉప్పు కొలిచే గొట్టం ముంచి చూసేవాడు. నీళ్లు ఆవిరవుతాయి గానీ ఉప్పు పోదు, అందుకని తగ్గినంత మేర ఫిల్టరు మంచినీళ్లే పోయాలి. ఎంతవరకు పోయాలో గాజు మీద పట్టీ అంటించాడు. మొదటిసారి ఆ పట్టీ వంకరపోతే పీకి మూడుసార్లు అంటించాడు. వారం తిరిగేసరికి కొత్త పట్టీ ఒక్కసారికే తిన్నగా అంటించాడు.

ఆ తర్వాత నాలుగు పీతలు, అరడజను నత్తలు, ఎర్రచారల రొయ్య ఒకటి, గొట్టంలోంచి విసనకర్రలా విప్పుకునే పురుగొకటి వచ్చాయి. "కూరకొచ్చేటియి గావు, దేవునికి పెట్టేటియి గావు, వీటికొక ఫ్యానా?" అని అక్క దెప్పేది. ఎండాకాలం నీళ్లు వేడెక్కకుండా బావ ఒక బుల్లి ఫ్యాను అమర్చాడు మరి. అక్క దెప్పుతూనే, ఆ ఫ్యాను తన చేత్తో బిగించాడని నాకు సైగ చేసి చూపించింది. రొయ్య ఆయనకు బాగా మాలిమి అయింది. నీళ్లలో చెయ్యి పెడితే వచ్చి వేళ్ల సందులు శుభ్రం చేసేది. పానా పట్టి పట్టి నల్లబడిన ఆ గోళ్ల చుట్టూ అది మీసాలు ఆడిస్తూ తిరుగుతుంటే బావ చిన్నగా నవ్వాడు. "చూసినవారా, భయపడతలేదు," అన్నాడు.

ఆ వేసవిలోనే మేనకోడలికి కాన్పు అయింది. అక్కా బావా నాలుగు రోజులు బార్డోలీ వెళ్లారు. తొట్టి నాకు అప్పగించారు. రెండో రోజు ఫిల్టరు మిషను చుక్క రాల్చలేదు. అక్క రాగిబిందెలో పట్టి ఉంచిన నీళ్లున్నాయి, అవీ ఫిల్టరువే కదా అని చెంబుతో ముంచి పోశాను. పోస్తుంటే పట్టు జారి రాగిచెంబు కూడా తొట్టిలో పడి రాయి వెనక్కి దొర్లింది. డ్యూటీకి ఆలస్యమవుతోంది, చెయ్యి పెట్టి కెలికితే పీతలు బెదురుతాయి, తర్వాత తీద్దాంలే అనుకున్నాను. ఆ తర్వాత మరిచే పోయాను. వాళ్లు వచ్చే రోజు గుర్తొచ్చి తీస్తే చెంబు అంచున పచ్చగా చిలుము పట్టింది. చింతపండుతో తోమి తళతళలాడించి బోర్లించాను. అక్క వచ్చి చూసి, "ఏందిరో తమ్మీ, చెంబు గంత మంచిగ తోమినవు!" అని మెచ్చుకుంది.

మర్నాడు నత్తలు ఒక్కొక్కటే గాజు వదిలి ఇసుకలో పడ్డాయి. పురుగు విసనకర్ర ముడుచుకుని మళ్లీ విప్పలేదు. పీతలు శంఖులు విడిచి మెత్తటి ఒంటితో బయటికి వచ్చి పడున్నాయి. రొయ్య పక్కకు ఒరిగిపోయి కాళ్లు కొట్టుకుంటుంటే బావ అరచెయ్యి దాని కింద పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఉప్పు కొలిచాడు, సరిగానే ఉంది. వేడి చూశాడు, సరిగానే ఉంది. కొత్త నీళ్లు కలిపి మార్చాడు. మూడు రోజుల్లో తొట్టిలో ఏదీ మిగల్లేదు.

ఏమై ఉంటుందో కనుక్కుందామని నేను పీతలు కొన్న దుకాణానికి వెళ్లాను. ముసలి గుజరాతీ ఆయన అంతా విని, ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "తాంబా గానీ తగిలిందా?" అని హిందీలో అడిగాడు. చేపలైతే కాస్త తట్టుకుంటాయట గానీ, ఈ జీవాలకు రాగి విషమట. ఆ రాయికీ ఇసుకకూ పట్టేసి ఉంటుందట, కొత్తవి వేసినా చస్తాయట. నేను తల అడ్డంగా ఊపి బయటపడ్డాను. సిటీ బస్సులో దారి పొడుగునా బావకు ఎలా చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. తలుపు తీసేసరికి ఆయన తొట్టి ముందు కూర్చుని చెంబుతో నీళ్లు బకెట్లోకి తోడుతున్నాడు.

"దుకాణపాయన ఏమన్నడురా?" అన్నాడు.

నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూశాక ఆగిపోయింది. ఇప్పుడు కాదు, కాస్త కుదుటపడ్డాక రేపు చెబుదామనుకున్నాను. "ఎండకు గిట్ల అయితదట బావా," అన్నాను.

"ఎండ గాదురా. ఫ్యాను పెట్టిన గద. నా చేతులే మంచియి గావు," అని మళ్లీ నీళ్లు తోడసాగాడు. స్విచ్ వేసినవాడు మనిషేనా అని అరిచిన నేను ఆయన పక్కనే కూర్చుని బకెట్ అందించాను.

రేపు అనుకున్నది ఎల్లుండి అయింది. రోజు గడిచేకొద్దీ, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదనే రెండో తప్పు మొదటి దానికన్నా పెద్దదయింది. బావ మళ్లీ గోడ వైపు తిరిగాడు. బార్డోలీ నుంచి పసిదాన్ని తెచ్చి ఒళ్లో పెట్టబోతే చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "వద్దు బిడ్డా, నేను ముట్టద్దు," అన్నాడు. మేనకోడలు వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను, అప్పుడూ చెప్పలేదు. ఆ వానాకాలం వచ్చిన కామెర్లు తగ్గేవేనని డాక్టరు అన్నాడు. బావ తిండి మానేశాడు, మందు మింగలేదు. శ్రావణం వెళ్లకముందే పోయాడు.

ఎనిమిదేళ్లయింది. ఆదివారం నాడు స్టూలు దిగి, మూటల మధ్య కూర్చున్న అక్కకు మొత్తం చెప్పాను. బిందె నీళ్లు, చెంబు, దుకాణం, ఏదీ దాచలేదు. తిడుతుందని, కొడుతుందని కూడా ఎదురుచూశాను. అక్క చీర చెంగు కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"ఆఖరి పదిరోజులు నేను బుక్క కలిపి నోటికాడికి తీసుకపోతే నా చెయ్యి నూకేసేటోడు. నన్ను ముట్టకు, నీకేమన్నయితది అనేటోడు," అంది చివరికి. "గా ముచ్చట గప్పుడే చెప్తే జర తినేటోడేమో తమ్మీ."

అంతే. ఆ తర్వాత లేచి, మిగిలిన మూటలు కట్టమని నాకు తాడు అందించింది. ఆ మాట చెప్పడానికి నాకు ఒక సాయంత్రం దొరికింది. దాన్ని దాటవేశాక ఎనిమిదేళ్లు వచ్చాయి, పోయాయి. వాటిలో ఒక్క రోజు కూడా ఆ సాయంత్రానికి బదులు కాలేదు.