మగ్గాలు నడిచే రోజు ఇల్లు చూడాలి

ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు నేను గ్యాస్ సిలిండర్ మారుస్తుంటే మా ఆడబిడ్డ కొడుకు వచ్చాడు. నా చేతిలోంచి రెగ్యులేటర్ తీసుకొని తనే బిగించాడు. ఏదో పని పడి వచ్చాడని అప్పుడే అర్థమైంది.

"అత్తా, రేపు జర నాతోని నీలం నగర్ రావాలె. ఇల్లు చూడనీకె కొనే పార్టీ వస్తున్నరు. నువ్వు ఊరికె నిలబడితె చాలు. మామ పేరు చెప్తె నమ్ముతరు."

రేపు మరమగ్గాలకు వారపు సెలవు. ఆ సంగతి వాడికీ తెలుసు.

మా ఆయన పోయి ఏడాది దాటింది. మగ్గాలు నడుపుకుంటూనే ఆయన పాత ఇళ్లు కొని, బాగు చేసి, అమ్మేవారు. ఏడాదికి ఒకటి, మహా అయితే రెండు. ఇప్పుడు ఆ పని నేర్పమని నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. అందరూ ఫోన్లో వీడియోలు చూసి వస్తారు. ఎంత మిగులుతుందని అడుగుతారు. ఇంటి ఉతారా, అంటే హక్కు కాగితం, మీద ఎవరి పేరుందో చూశారా అని నేను అడిగితే మొహం చిట్లిస్తారు. ఆ కాగితం మీద చనిపోయిన తాత పేరే ఉంటే, కొడుకులు మాత్రమే సంతకం పెడితే చాలదు, పెళ్లయి వెళ్లిన కూతుళ్లూ పెట్టాలి. ఈ ఒక్క ముక్క ఎంతమందికి చెప్పానో. విని, చాయ్ తాగి వెళ్తారు. తర్వాత ఎవరో మేనత్త వచ్చి అడ్డం నిలబడిందని మళ్లీ నా దగ్గరికే వస్తారు.

మా మేనల్లుడు కాగితాలు సరిగ్గానే చూశాడు. తప్పు ఇంకో చోట చేశాడు. నీలం నగర్‌లో ఒక ఇంటికి ఇసారు, అంటే బయానా, ఇచ్చాడు. గడువు లోపల ఇంకొకరిని తెచ్చి, ఎక్కువ ధరకు ఆ ఒప్పందం వాళ్ల పేరు మీదికి మార్చి, మధ్యలో మిగిలింది తీసుకోవాలని వాడి ఆలోచన. కొనేవాళ్లు దొరక్కపోతే ఇసారు పోతుంది. అది వాళ్లమ్మ బీడీలు చుట్టి దాచుకున్న డబ్బు. మా వదినకు ఇప్పుడు నడుము నొప్పి. మళ్లీ అంత చుట్టలేదు.

"ఇల్లు నువ్వెప్పుడు చూసినవ్?" అని అడిగాను.

"సుట్టీ రోజు. ఖాళీగ ఉంటిని కదా."

"పక్కన ఏముంది?"

"కార్ఖానా. టవాళ్లది."

"మగ్గాలు నడుస్తుంటె చూసినవా?"

"టైల్స్ ఏయించిన అత్తా. పైన పీఓపీ సీలింగ్ గూడ. మస్తు కనిపిస్తుంది."

"రిజిస్ట్రీ అయిందా?"

"ఇంకా లేదు."

"మరి ఎవరింట్ల ఏయించినవ్ టైల్స్?"

"ఇంటి మాలక్ మంచోడే. తాళం చావి ఇచ్చిండు."

"ఎందుకియ్యడురా. ఆయనింట్ల నువ్వు టైల్స్ ఏస్తుంటె చావి ఏంది, చాయ్ గూడ ఇస్తడు."

"చాయ్ ఇచ్చిండు," అన్నాడు వాడు, నేల చూస్తూ.

తర్వాత మిగతాది చెప్పాడు. సెలవు రోజు వచ్చినవాళ్లకు ఇల్లు నచ్చుతుంది. ఇంట్లోవాళ్లకు చూపిస్తామని ఇంకో రోజు వస్తారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తరు. అందుకే ఈసారి సెలవు రోజే మాట ఖాయం చేసుకోవాలని, నన్ను పక్కన నిలబెట్టుకోవాలని చూస్తున్నాడు.

"రేపు నేను రాను," అన్నాను. "ఎవరినీ తేవద్దు. ఎల్లుండి మధ్యాహ్నం మనిద్దరం పోదాం. రొట్టెల డబ్బా కడుత."

ఇసారు ఇచ్చే ముందు మా ఆయన చేసే పని అది. మగ్గాలు నడిచే రోజు మధ్యాహ్నం, ఇంటివాళ్లను అడిగి, ఆ ఇంట్లో కూర్చొని తినేవారు. నేనూ వెళ్లాలి. జొన్న రొట్టెలు, పల్లీల చట్నీ, పెరుగు కట్టేదాన్ని. తింటూ మామూలు గొంతుతో మాట్లాడుకోవాలి. ఒకరి మాట ఒకరికి వినబడితే అది మనుషులుండే ఇల్లు, లేకపోతే కాదు. గల్లీలో వాళ్లు తొంగి చూస్తుంటే నాకు చికాకుగా ఉండేది. పుస్తకం పట్టుకెళ్లేదాన్ని. "అది మూయి. మాట్లాడనీకె కదా తోల్కొచ్చింది," అనేవారు.

చెప్పిన రోజు వెళ్లాం. కొత్త టైల్స్ మీద కూర్చున్నాం. డబ్బా మూత నేల మీద పెడితే మగ్గాల అదురుకు గడగడమంటూ పక్కకు జరిగిపోయింది. కార్ఖానా వైపు గోడకు పైన, పీఓపీలో అప్పుడే సన్నటి పగులు. వాడు ఏదో అన్నాడు. వినబడలేదు. మళ్లీ అన్నాడు. చివరికి అరిచాడు. "చట్నీ ఎయ్యమంటున్న."

సగం తిన్న రొట్టె డబ్బాలో పెట్టేసి లేచాడు. బయటికి వచ్చాక అడిగాడు. "అమ్మకేం చెప్పాలె అత్తా?"

నాకు కోపం వచ్చింది. ఈ మాట ఇసారు ఇచ్చే ముందు అడగాల్సింది. "కొంటరేమో గోడ అవతలోళ్లను అడిగినవా?" అన్నాను.

"వాళ్లనెందుకు అడుగుత? వాళ్ల చప్పుడుకే కదా ఎవ్వరు కొంటలేరు."

"అందుకే వాళ్లను అడుగు. ఆ చప్పుడు పట్టనిది వాళ్లొక్కరికే."

కార్ఖానా యజమాని మాకు తెలిసినవాడే. టవాళ్ల మూటలు పెట్టడానికి చోటు లేక వాన వచ్చినప్పుడల్లా గల్లీలో టార్పాలిన్ కప్పుతున్నాడు. వాడు వెళ్లి పిలిస్తే లోపలికి వచ్చి, తలెత్తి పీఓపీ చూశాడు.

"ఇదేందిరా, నా టవాళ్లకు షాదీ హాల్ కట్టినవా?"

నాకూ నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. ఒప్పందంలో ఉన్న ధరకే తీసుకుంటానన్నాడు. ఇసారు తిరిగి ఇస్తానన్నాడు. టైల్స్‌కు, పీఓపీకి ఏమీ ఇవ్వనన్నాడు. మేనల్లుడు నసిగితే, "పీకి తీస్కపో. నేను ఒద్దన్ననా?" అన్నాడు. ఇంటి మాలక్ కూడా ఒప్పుకున్నాడు. డబ్బు ఎవరిస్తే ఆయనకేం.

వదిన తన డబ్బు తీసుకొని లోపల పెట్టి వచ్చింది. కొడుకును అడిగింది.

"టైల్స్ ఏ రంగువి ఏసినవ్‌రా?"

"తెల్లయి."

"మన బాత్రూంల బండలు పగిలి ఎన్నేండ్లయింది?"

వాడు చెప్పులు వేసుకొని బయటికి పోయాడు.

మొన్న మా ఇంటికి వచ్చి, అశోక్ చౌక్ దగ్గర ఇంకో ఇల్లు చూస్తున్నానని చెప్పాడు. మగ్గాలు నడిచే రోజే వెళ్తున్నాడట. అంతవరకు నేర్చుకున్నాడని సంతోషించాను. డబ్బా ఎప్పుడు కట్టాలని అడిగాను. వాడు ఫోన్ తీసి చూపించాడు. చప్పుడు ఎంతుందో అందులో అంకె వస్తుందట.

"తినుకుంట కూసునుడెందుకు అత్తా, టైం ఖరాబ్. రెండు నిమిషాల్ల ఇదే చెప్తది."

ఫోన్‌ను నా ముందు పెట్టి మాట్లాడమన్నాడు. నేను మాట్లాడకపోయినా మా ఇంటి పక్క మగ్గాల చప్పుడుకు అందులో అంకె వచ్చింది.

ఇల్లు కొనే ముందు అందులో కూర్చొని అన్నం తినడం మా ఇంట్లో ఇప్పుడు లేదు.