బల్ల దిగిన పుల్లక్క

నర్సింగు క్లాసులో ఆమెను అందరూ పుల్లక్క అనేవారు. మనిషి పుల్లలా ఉండేది, వయసులో అందరికంటే పెద్దది. ముగ్గురక్కలు వదిలేసిన ఇంటిపనంతా చేసి, కుట్టుకొట్టులో కొన్నేళ్లు కాజాలు కుట్టి, ఆలస్యంగా ఈ చదువుకి వచ్చింది. పని చెబితే కాదనే అలవాటు లేదు. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా?

పొట్ట పరీక్ష చేయడం నేర్పే పాఠం మొదలైనప్పుడు, సన్నటి మనిషికైతే కాలేయం అంచు చేతికి తొందరగా తగులుతుందని మేడమ్ అన్నారు. అంతే, ప్రాక్టీసు గదిలో బల్ల మీద పడుకోవడం పుల్లక్క వంతైంది. మోకాళ్లు మడిచి, చొక్కా పైకి జరుపుకుని, పైకప్పు చూస్తూ పడుకునేది. ఒక్కొక్కరే వచ్చి, కుళాయి చల్లదనం వదలని చేతులతో నొక్కేవారు. గోళ్లు దిగేవి. కొందరైతే ఆమె పొట్ట మీద చెయ్యి ఆనించి సినిమా కబుర్లాడుకునేవారు. ఆమె బల్ల దిగేసరికి గది ఖాళీ అయ్యేది.

పరీక్ష ముందురోజు క్లాసు లీడరు దుప్పటి సర్ది పిలిచింది.

"రా పుల్లక్కా, ఎక్కు. టైమవుతోంది."

"ఎక్కను. రేపు పరీక్ష నాకూ ఉంది. నా చేతులు ఇంతవరకు ఒక్క పొట్టనీ ఎరగవు. ఇవాళ నువ్వు పడుకో."

ఎవరో కిసుక్కుమన్నారు. తన పొట్టలో పొద్దున తిన్నది తప్ప ఏమీ దొరకదని లీడరు నవ్వేసింది. పుల్లక్క నవ్వలేదు.

"ఈ ఒక్కరోజుకీ సర్దుకుపో అమ్మా" అన్నారు మేడమ్.

పుల్లక్క చెవులు వేడెక్కాయి. ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్న మాట అది.

"సర్దుకున్నాను మేడమ్. సర్దుకుని సర్దుకుని ఫెయిలవమంటారా?"

మేడమ్ లీడరుకి బల్ల చూపించారు. ఆ పిల్ల ముఖం మాడ్చుకుని, చెప్పులు విడిచి ఎక్కింది.

చేతులైతే రుద్దుకుని వెచ్చచేసుకుంది గానీ, పుల్లక్క వేళ్లలో కోపం పోలేదు. తిన్నగా పొట్ట మీద వేసి నొక్కింది.

"అబ్బా, అవి వేళ్లా మేకులా?" అంది లీడరు.

మేడమ్ ఆపారు. ముందు చూడాలి, తర్వాత వినాలి, ఆ తర్వాత తట్టాలి, చివరికి నొక్కాలి. ముందే నొక్కితే పేగులు కదిలి చప్పుడు మారిపోతుందని ఎన్నిసార్లు చెప్పానని గదిమారు. నిజమే, చెప్పారు. పైకప్పు చూస్తూ పుల్లక్క అన్నిసార్లూ విన్నది. నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతుంది. చేతులకే రాలేదు. ఇప్పుడు ఆమెకు ఎవరి మీద ఎక్కువ కోపం వచ్చిందో ఆమెకే తెలియలేదు. వీళ్లందరి మీదా, ఇన్నాళ్లూ నోరు మూసుకున్న తన మీదా.

లీడరు చొక్కా కిందికి లాక్కుంటూ లేవబోయింది. పుల్లక్క ఆమె భుజం మీద అరచెయ్యి వేసి మళ్లీ పడుకోబెట్టింది. స్టెతస్కోపు చెవులకు తగిలించుకుంది.

"లేవకు. నేనింకా మొదలే పెట్టలేదు."