గంగరత్నకు నడక నేర్పిన పిళ్ళప్ప

సోమేనహళ్ళి పిళ్ళప్ప మాట తక్కువ మనిషి. కోడలు లక్ష్మీనరసమ్మ కాపురానికి వచ్చి నాలుగేళ్ళయినా ఆయన ఆమెతో నేరుగా మాట్లాడింది లేదు. మామ ఎదురుపడితే ఆమె కూడా తలుపు చాటునే నిలబడేది. అలాంటి ఇంట్లో 1957లో గంగరత్న పుట్టింది.

ఏడాది నిండినా పాప కూర్చోలేదు. దిండ్లు ఆనించినా పక్కకు ఒరిగిపోయేది. పిలిస్తే ఎప్పటికో చూసేది. అదే నెలలో పుట్టిన ఎదురింటి కెంపమ్మ మనవడు గడపలు దాటుతుంటే, లక్ష్మీనరసమ్మ బిడ్డను బయటికి తేవడమే మానేసింది. గ్రహపాటు అన్నారు కొందరు, తల్లి పాలలో దోషమన్నారు కొందరు. భర్త మునినారాయణకు ఏమీ తోచక పొద్దస్తమానం పొలంలోనే గడిపేవాడు.

ఒక పొద్దున పిళ్ళప్ప ఉతికిన పంచె కట్టుకుని, వంటింటి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"బిడ్డనెత్తుకోమ్మా. చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి పోదాం. బస్సుకు టైమవుతా ఉండాది."

తనతోనే అంటున్నాడని తెలియడానికి ఆమెకు కాసేపు పట్టింది.

గుడిబండె దాకా నడిచి బస్సెక్కారు. ఆస్పత్రిలో డాక్టరమ్మ పాప కాళ్ళూ చేతులూ వంచి చూసింది, చెవి దగ్గర చిటిక వేసింది, ఆపైన కన్నడంలో నిదానంగా చెప్పింది. ఇది మందుతో పోయే జబ్బు కాదు, పాప ఎదుగుదల నెమ్మది. రోజూ ఒళ్ళు పట్టాలి, కూర్చోబెట్టాలి, నిలబెట్టాలి, మాట్లాడిస్తూనే ఉండాలి. ఎంతవరకు వస్తుందో ఇప్పుడే చెప్పలేం.

బయటికొచ్చాక లక్ష్మీనరసమ్మకు ఏడుపు ఆగలేదు. "నా వల్లనే ఇట్లాయెనా మామా?" అంది.

"నీ వల్ల ఎందుకవుతాదమ్మా? ఏం చేయాలో చెప్పినారు గదా. సేద్యం మునినారాయణ చూసుకుంటాడు. నాకేం పనుండాది? నేను చేస్తా."

అన్నట్టే చేశాడు. పెరట్లో గుంత తవ్వి, వంకలోంచి ఇసుక తెచ్చి పోశాడు. పాపకు ఆముదం రాసి, లేత ఎండలో, మొదట్లో ఇసుక ఆనించి కూర్చోబెట్టి, కొన్నాళ్ళకు నడుము దాకా ఇసుక పోసి నిలబెట్టి, తాను ఎదురుగా గొంతుక్కూర్చునేవాడు. ఎద్దు మెడ గంటను అందీ అందనంత దూరంలో ఆడించేవాడు. ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడని మనిషి, రాని వాన గురించి, శెనక్కాయకు పట్టిన పురుగు గురించి ఆ పసిదానితో గంటలకొద్దీ చెప్పుకునేవాడు. లోపల రాగులు విసురుతూ లక్ష్మీనరసమ్మ వింటూ ఉండేది. ఆ గొంతు వినబడుతున్నంత సేపూ ఆమెకు గుండె కుదుటపడేది.

రెండేళ్ళు దాటాక గంగరత్న కూర్చుంది. మూడున్నరేళ్ళకు గోడ వదిలి, తాత వైపు నాలుగడుగులు వేసి పడింది. పిళ్ళప్ప పరుగెత్తి ఎత్తుకోలేదు. "లే తల్లీ, లే" అన్నాడు ఉన్నచోటి నుంచే చేతులు చాపి. అది లేచింది.

మాటలు ఐదేళ్ళకు గానీ రాలేదు. బడిలో ఒకటో తరగతి దాటలేదు. అయినా తన అన్నం తాను తినేది, గొడ్లకు గడ్డి వేసేది, ఒంటరిగా ఊరంతా తిరిగొచ్చేది.

1966లో పిళ్ళప్ప పోయాడు. పరామర్శకు వచ్చిన బాగేపల్లి బంధువులు ఆయన ఎంత మంచి సేద్యగాడో చెప్పుకున్నారు. లక్ష్మీనరసమ్మ కూతుర్ని దగ్గరికి తీసుకుంది.

"సేద్యం సంగతి నాకు తెల్దప్పా. ఈ బిడ్డ కాళ్ళు మాత్రం ఆయప్ప ఇచ్చినవే. నేను బతికినన్నాళ్ళూ తలుచుకుంటా."