సార్ నొక్కిన ఎర్ర బటన్

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో అందరూ ఆమెను టక్‌టక్ అక్క అనేవారు. పెట్టె ముందుకు రాగానే రెండు వేళ్లతో టక్ టక్ అని కొట్టి చూసేది. జిగురు ఆరిన పెట్టె ఒకలా పలుకుతుంది, ఆరనిది ఇంకోలా. పద్దెనిమిదేళ్లు అట్ట చెప్పే మాట వింటూ గడిపింది. ఒక సాయంత్రం ఆ చెవులు వేరే మాట విన్నాయి. రేపటినుంచి రానక్కర్లేదట. చెకింగ్ పని కెమెరాలు చూసుకుంటాయట. ఇరవై రెండు మందిని ఒకే వరుసలో నిలబెట్టి ఒకే వాక్యంతో పంపేశారు.

తర్వాత నాలుగు నెలలు ఆమె గేట్ల చుట్టూ తిరిగింది. ప్రతి గేటు దగ్గరా ఒక వాచ్‌మన్, ప్రతి వాచ్‌మన్ నోటా ఒకే మాట: "ఆన్‌లైన్‌లో పెట్టుకోండమ్మా." ఆ ఆన్‌లైన్ ఏ వీధిలో ఉందో, దాని గడియ ఏ వైపు ఉందో ఆమెకు తెలియలేదు.

ఆమె సొంత అక్క కూతురు ఆమె దగ్గరే ఉండి చదువుకుంటోంది. ఆ పిల్లే ముందుకొచ్చింది.

"పిన్నీ, ఇప్పుడు మనిషి వెళ్లి నిలబడితే ఎవరూ చూడరు. మనిషికంటే ముందు పేరు వెళ్లాలి. నిన్ను నువ్వు ఒక బ్రాండ్‌లా చూపించుకోవాలి."

"బ్రాండా? నేనేమైనా సబ్బునా?"

"సబ్బుకి కనీసం వాసనైనా ఉంటుంది. నీకు ప్రొఫైల్ కూడా లేదు."

తెల్లగోడ ముందు నిలబెట్టి ఫొటో తీసింది. "నవ్వు. అంత కాదు పిన్నీ, పళ్ల డాక్టరుకి చూపిస్తున్నట్టుంది." ఫొటో బాగానే వచ్చింది. అందులో ఉన్నావిడకు ఏ దిగులూ లేదు. టక్‌టక్ అక్క ఆవిడను కాసేపు అసూయగా చూసింది.

మొదట్లో ఉన్నదే రాసింది. జిగురు ఆరిందని ఎలా తెలుస్తుంది, తేమ రోజుల్లో పెట్టె మూలలు ఎందుకు చిట్లుతాయి. ఒక్కోదానికి పదకొండు లైకులు. తొమ్మిది చుట్టాలవి. మిగిలిన రెండిట్లో ఒకటి జిగురు అమ్మే కొట్టుది.

"నువ్వు పాఠం చెప్తున్నావు. జనానికి కథ కావాలి," అంది పిల్ల. "పాత బాస్ మీద కృతజ్ఞతగా ఏదైనా రాయి. కంపెనీలవాళ్లు పడి చచ్చిపోతారు."

"నన్ను గెంటేసినవాళ్ల మీదా?"

"అందుకే ఇంకా చచ్చిపోతారు."

ఆమె దగ్గర ఒక కథ ఉంది. ఉద్యోగం పోవడానికి ఏడాది ముందు, పంచింగ్ మిషన్ మీద పనిచేసే అమ్మాయి చొక్కా చెయ్యి పళ్లల్లో చిక్కుకుంది. ఆ అమ్మాయిని ఈమె చెల్లీ అని పిలిచేది. మిషన్‌ని ఆపే ఎర్ర బటన్ పక్కనే ఉంది. అయితే మోచెయ్యి తగిలి మాటిమాటికీ మిషన్ ఆగిపోతోందని, దానిమీద అట్టముక్క పెట్టి టేపు చుట్టించాడు సూపర్‌వైజర్. చుట్టింది టక్‌టక్ అక్కే. ఆ సంగతి ఆమెకూ సూపర్‌వైజర్ సార్‌కూ తప్ప ఎవరికీ తెలియదు. ఆ రోజు సార్ బయట ఫోన్‌లో ఉన్నాడు. ఆమె పరుగెత్తి గోడమీది మెయిన్ స్విచ్ లాగింది. అప్పటికే రెండు వేళ్ల కొసలు పోయాయి.

పిల్లకు అంతా చెప్పింది, టేపు ఎవరు చుట్టారన్నది తప్ప.

"అద్భుతం పిన్నీ. కాకపోతే నువ్వే ఆపానంటే గొప్పలు పోయినట్టుంటుంది. టేపు ఊసెత్తితే కంపెనీ మీద కక్ష అనుకుంటారు. సార్ వచ్చి బటన్ నొక్కాడని రాయి. వేళ్లు వదిలెయ్."

రాస్తుంటే ఆమెకు వింత తీపి తెలిసింది. ఆ వాక్యాల్లో బటన్ మీద టేపు లేదు. సార్ గాలిలా వచ్చాడు, ఆయన అరచెయ్యి పిట్టలా ఎర్ర బటన్ మీద వాలింది, అంత పెద్ద ఇనుము ఒక్కసారిగా ఊపిరి బిగబట్టింది. చెల్లి చెయ్యి ఐదు వేళ్లతో బయటికొచ్చింది. ఇలా జరిగి ఉంటే ఎంత బాగుండును అనుకుంటూ రాసిందేమో, ప్రతి మాటా తడిగా మెరిసింది.

తెల్లారేసరికి అది ఊళ్లు దాటిపోయింది. "ఇలాంటి నాయకులు కావాలి" అని ముక్కూ మొహం తెలియనివాళ్లు రాశారు. మూడోరోజు సార్ దగ్గర్నుంచే ఫోన్. ఆయనిప్పుడు ఇంకో పెద్ద ఫ్యాక్టరీలో మేనేజరు.

"టక్‌టక్ అక్కా! ఎంత బాగా రాశావు! నాకే కళ్లు చెమ్మగిల్లాయంటే నమ్ము."

ఎక్కడైనా తడబడతాడేమోనని ఆమె చెవి ఒగ్గి వింది. లేదు. ఆయన అప్పుడే సామాను సర్దుకుని ఆ కథలోకి కాపురానికి వచ్చేశాడు.

"మాకు చెకింగ్‌లో సీనియర్ కావాలి. సోమవారం వచ్చి చేరు. ఆ పోస్టు మాత్రం అలాగే ఉంచు. మావాళ్లందరికీ చూపించాను."

శనివారం మధ్యాహ్నం చెల్లి వచ్చింది. ఎడమ చెయ్యి చొక్కా లోపలికి లాక్కుని, కుడిచేత్తో ఒక కాగితం పట్టుకుని.

"చదివాను అక్కా. బాగుంది. నా చెయ్యి బాగుంది అందులో."

"చెల్లీ, ఉద్యోగం కోసం..."

"తెలుసులే. నాకు మాత్రం అక్కర్లేదా ఉద్యోగం? ప్రొఫైల్ ఫొటోలో చేతులు కనపడవుగా, నువ్వూ పెట్టుకో అంటుంది మా ఆడపడుచు." కాగితం బల్లమీద పెట్టింది. "నష్టపరిహారం కేసు బుధవారం లేబర్ ఆఫీసరు ముందుకొస్తోంది. బటన్ బాగానే పనిచేసిందనడానికి మన పాత కంపెనీ లాయరు నీ రాతే చూపించాడు. సాక్షిగా నిన్నే పిలిచారు."

ఆమె వెళ్లాక టక్‌టక్ అక్క ఆ పోస్టు తీసేసింది. తీసేస్తే ఏముంది? అప్పటికే ఎవరెవరో ఎత్తుకుపోయి తమ పేజీల్లో పెట్టుకున్నారు. ఒకతను అట్టల ఫ్యాక్టరీని సీసాల ఫ్యాక్టరీ చేశాడు. ఎక్కడ చూసినా సార్ పరుగెత్తుతూనే ఉన్నాడు.

సోమవారం పనిలో చేరింది. పెట్టెలు ముందుకొస్తుంటే వేళ్లు వాటంతటవే లేచాయి. నాలుగు నెలల తర్వాత అట్ట మళ్లీ మాట్లాడింది. రెండు రోజులు ఆమె ఇంకేమీ ఆలోచించకుండా విన్నది.

బుధవారం సార్ ఆఫీసు కారులో పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. అద్దాలు ఎక్కించి ఉన్నాయి.

"పోస్టు ఎందుకు తీసేశావని అడగను. రాసింది రాసినట్టు చెప్పు చాలు. టేపు ఊసొస్తే ఎవరు చుట్టారన్నది కూడా వస్తుంది. నీకెందుకమ్మా ఆ గోల?"

తలుపు తీద్దామని చూసింది. తీసే పిడి ఎటువైపుందో కనిపించలేదు.

ఆఫీసరు గది చిన్నది. బల్లకు ఒకవైపు లాయరు, సార్. ఇంకోవైపు చెల్లి. ఆఫీసరు అచ్చేసిన కాగితం ముందుకు జరిపాడు.

"ఇది మీరు రాసిందేనా?"

"నేనేనండి."

"ఇలాగే జరిగిందా?"

సార్ గొంతు సవరించుకున్నాడు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, టేపు సంగతి విని చెల్లీ దూరమవుతుంది. అబద్ధం చెబితే ఉద్యోగం ఉంటుంది, రోజూ ఆ కారు ఉంటుంది.

"లేదండి. మెయిన్ స్విచ్ లాగింది నేను. బటన్ నొక్కడానికి వీల్లేకుండా అట్టముక్క పెట్టి టేపు చుట్టి ఉంది. సార్ చుట్టమన్నారు. చుట్టింది నేను."

చెల్లి తల తిప్పి ఆమెను చూసింది.

లాయరు నవ్వాడు. "ఉద్యోగం కోసం ఒకటి రాస్తుంది, స్నేహం కోసం ఇంకోటి చెప్తుంది. ఈవిడ మాట ఎలా నమ్మమంటారు ఆఫీసరుగారూ?"

"నిజమే," అన్నాడు ఆఫీసరు. "దేన్ని నమ్మమంటారమ్మా?"

"మీకు ఏది నమ్మాలనిపిస్తే అది నమ్మండి. నేను ఏది చెప్తే ఇక ఈ ఊళ్లో నాకు పని దొరకదో, అది నిజం."

గుమస్తా ఆ మాట రాయాలా వద్దా అన్నట్టు తలెత్తాడు. ఆఫీసరు రాయమన్నట్టు సైగ చేశాడు. ఇంకా సాక్ష్యం కావాలంటూ నెల తర్వాతికి వాయిదా వేశాడు. సంతకం పెట్టేసరికి కారు వెళ్లిపోయింది.

వరండాలో చెల్లి ఒక్కతే నిలబడి ఉంది.

"నువ్వే చుట్టావా?"

"నేనే."

"ఇన్నాళ్లూ మా ఇంటికొచ్చి నా చేతికి మందు రాశావు."

టక్‌టక్ అక్క తన రెండు వేళ్లూ అరచేతిలో దాచుకుంది.

"వచ్చే నెల కూడా రావాలి నువ్వు," అంది చెల్లి మెట్లు దిగుతూ, వెనక్కి చూడకుండా. "మళ్లీ ఇదే చెప్పాలి."