రేపల్లె నారుమడి నుంచి బాపట్ల దాకా ఒక సీసా నీళ్లు

రేపల్లె అవతల, సముద్రం వైపు ఊళ్లో మా రాజ్యం పిన్ని కౌలుకి వరి వేస్తుంది. బాబాయి పోయాక సేద్యమంతా ఆమే చూసుకుంటోంది. పోయిన నెల ఫోన్ చేసి, "నారు ఎర్రబడి చచ్చిపోతోందిరా, ఒకసారి వచ్చి చూడు" అంది. ఆ గొంతు విన్నాక ఇంట్లో ఉండబుద్ధి కాలేదు.

తెనాలిలో పొద్దున్న ప్యాసింజరు ఎక్కితే గంట, గంటన్నరలో రేపల్లెలో దిగొచ్చు. టికెట్టు బాగా చవక. అక్కణ్ణుంచి షేర్ ఆటో. పిన్ని నన్ను ఇంటికి కాదు, నేరుగా మడి దగ్గరికే తీసుకెళ్లింది. మట్టి మీద తెల్లటి పొర కట్టింది. నారు కొసలు మాడి పడిపోయి ఉంది. పంట కాలువకి నీళ్లు రాకపోతే మురుగు కాలువలోంచి తోడి పెట్టిందట.

"రైతు కేంద్రంలో అడగలేదా పిన్నీ?"

"ఎన్నిసార్లు పోయినా తాళమే. ఇదివరకు ఒక అమ్మాయి ఉండేది. నీళ్లు చూసి, పెట్టొచ్చో లేదో చెప్పేది. ఆ పిల్ల ఉన్నన్నాళ్లూ పంట పోలేదురా. బదిలీ చేసేశారు. ఇప్పుడు ఆమె బదులొచ్చినాయనకి మాతోపాటు ఇంకా ఊళ్లున్నాయంట."

మేం వెళ్లినప్పుడూ తాళమే ఉంది. ఆ మురుగు కాలువ నీళ్లు సీసాలో పట్టుకుని, ల్యాబులో పరీక్ష చేయిద్దామని చెరుకుపల్లి మీదుగా బాపట్ల బస్సెక్కాం. దారంతా పిన్ని సీసా ఒళ్లో పెట్టుకునే కూర్చుంది.

ల్యాబులో నీళ్లు పరీక్ష చేసిన సార్ మర్యాదగానే చెప్పారు. "సముద్రప్పోటు మురుగు కాలువలోకి ఎక్కిందమ్మా. ఈ ఉప్పుకి నారు బతకదు."

"మళ్లీ నారు పోసుకోవచ్చాండి?"

"మంచినీళ్లున్నాయా?"

"లేవండి."

ఆయన ఉప్పు లెక్క కాగితం మీద రాసి పిన్ని చేతికిచ్చారు.

బస్టాండులో ఇడ్లీ పెట్టిస్తే పిన్ని ముట్టలేదు. "ఆ చేలో రొయ్యల చెరువు తవ్వుతామని ఎప్పట్నుంచో అడుగుతున్నారు. పొలం ఆసామి నా మొహం చూసి ఆగాడు. ఇంక ఆగడు. నేను రొయ్యలు ఒలిచే షెడ్డుకి పోతాలే" అంది. రేపల్లె బస్సెక్కించి, నేను తెనాలి రైలు పట్టుకున్నాను.

రైతు కేంద్రమంటే విత్తనాలు, ఎరువులు దొరికే చోటని మాత్రమే నాకు తెలుసు. ఈ నీళ్లు పెట్టొద్దని సమయానికి చెప్పే ఒక్క మనిషి లేకపోతే ఓ సంసారం దారి మారిపోతుందని ఆ రోజే చూశాను. ఆ తీరాన సేద్యం చేసేవాళ్లు మీకెవరైనా ఉంటే, నీళ్లు మడికెక్కక ముందే శుభ్రమైన సీసాలో పట్టి, సెలవు కాని రోజు చూసుకుని బాపట్ల ల్యాబుకి తీసుకెళ్లండి.

నిన్న పిన్నికి ఫోన్ చేశాను. షెడ్డులో రొయ్యల ఐసులో చేతులు తిమ్మిరెక్కాయి, ఫోన్ పట్టుకోలేకపోతున్నానని పెట్టేసింది.